గేటు దగ్గర అరిచిన పేరు

జూరాల కాలువలో తేలిన జగదీశ్ శవాన్ని చూసి గద్వాల దవాఖాన బయటికొచ్చాడు నిఘా ఏజెన్సీ మనిషి శ్రీశైలం. ఢిల్లీ నుంచి చీఫ్ ఫోన్ చేశాడు. మెసేజ్‌లన్నీ ఎన్‌క్రిప్టెడ్, అంటే తాళం వేసినవే, ఒక్కటీ లీక్ కాలేదు, మన తప్పేం లేదట.

ఛీ! హంతకులకి మెసేజ్ చదవాల్సిన పనే లేదు. ఏ ఫోనైనా సర్వర్‌తో మాట కలిపే ముందు హ్యాండ్‌షేక్ చేస్తుంది. ఆ మొదటి పలకరింపులో సర్వర్ పేరు తాళం లేకుండా పోతుంది. వనపర్తిలో కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు ముసుగులో ఉన్న విదేశీ ముఠా ఆ లైన్‌కే చెవి పెట్టింది. వాళ్ల దగ్గరే పనిచేస్తూ సమాచారం పంపే జగదీశ్ ఫోన్, ఏజెన్సీ సర్వర్ పేరుని గేటు దగ్గరే అరిచి చెప్పింది.

అదే ఆఫీసులో ఇంకో ఇన్ఫార్మర్ ఉంది, అశ్విని. సాయంత్రం ముఠా నాయకుల ఫొటోలు పంపబోతోంది. ముఠా వింటుండగా ఫోన్ చేసి ఆపితే ఆమె ప్రాణం తీసినట్టే.

ఏజెన్సీ పంపిన నెట్‌వర్క్ ఎక్స్‌పర్ట్ సింధూజ గద్వాల చీర, నల్ల కళ్లద్దాలతో దిగింది. జగదీశ్ మీద పూలదండ వేసి కన్నీళ్లు కూడా పెట్టుకుంది. బస్టాండ్ పక్క టీ హోటల్లో శ్రీశైలం ఫోన్ హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్ తెరిచి ప్లాన్ చెప్పింది. పలకరింపులో పేరుని కూడా సీల్ చేద్దాం, ఎవరికీ కనపడదు. అశ్విని కోసం వేరే సర్వర్, ఆమె ఒక్కదానికే సీల్.

హోటల్ విజయమ్మ టీ పెడుతూ, ఊరికి కొత్తగా వచ్చిన ఎవరినైనా అడిగే ప్రశ్నే అడిగింది.

"ఎవరింటికొచ్చిన్రు సారూ?"

"చీరలకొచ్చినం."

"గట్ల చెప్తే అయిపాయె. నిన్న ఒకాయన ఏం చెప్పకుండ పోయిండు. బస్టాండంత గాయన ముచ్చటే."

శ్రీశైలం టీ గ్లాసు దించాడు. అందరి ఫోన్లూ పేరు చెప్పే లైన్లో ఒక్క ఫోన్ నోరు మూసుకుంటే ముఠా ముందు దాన్నే పట్టుకుంటుంది. కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ రైతులంతా పల్లీల ధర చూసుకునే సర్వర్ మీదే అందరికీ సీల్ పెట్టమన్నాడు. అశ్విని దాని చాటున పోతుంది. పైకి కనపడేది పల్లీల ధర సైటు పేరే.

"రైతులకెందుకు సార్ గివన్నీ?" అంటూ సింధూజ సెట్టింగ్ టైప్ చేసింది, కానీ ఎంటర్ కొట్టలేదు.

ఆ తాత్సారం అతనికి నచ్చలేదు. తన హాట్‌స్పాట్ మీదున్న ఆమె ఫోన్ ఎవరిని పలకరిస్తోందో చూశాడు. సీల్ లేదు. పేరు పచ్చిగా కనపడుతోంది, జగదీశ్ ఇదివరకే పట్టిచ్చిన వనపర్తి ముఠా సర్వర్‌ది. ఆమె వేసిన పూలదండ గుర్తొచ్చింది.

టైప్ చేసినదంతా చెరిపెయ్యడానికి సింధూజ చెయ్యి డిలీట్ మీదికి పోయింది. మణికట్టు పట్టి వెనక్కి విరిచి, రెండో చేత్తో ఎంటర్ కొట్టాడు. మరుక్షణమే, సాయంత్రం అనుకున్న టైముకి, అశ్విని ఫోన్ తనంతట తానే ఆ సర్వర్‌కి కనెక్ట్ అయింది. వనపర్తిలో చెవి పెట్టినవాళ్లకి ఎవరో పల్లీల ధర చూసుకుంటున్నారని మాత్రమే తెలిసింది. ఫొటోలు అందాయి. పోలీసులు ఆఫీసులో అందరినీ ఎత్తారు, అశ్విని క్షేమం.

సింధూజని జీపెక్కిస్తుంటే విజయమ్మ అలవాటుగా అడిగింది.

"ఎవరింటికి పోతున్నవమ్మా?"

సింధూజ నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఆమెనెందుకు అడుగుతవ్ అక్కా," అన్నాడు శ్రీశైలం టీ డబ్బులిస్తూ. "ఆమె ఫోన్ ముందే చెప్పింది."