మనిషి లేని సముద్రం

ఆ ఆదివారం పొద్దున కూడా కుళాయిలో నీళ్లు రాలేదు. ట్యాంకరు వచ్చేదాకా రెండు బిందెలతోనే ఇల్లు గడవాలి. భీమేశ్వరరావు గ్లాసుడు నీళ్లతో మొహం తడుపుకుని, పంచె అంచుతో తుడుచుకుని, హాల్లో తను గీస్తున్న బొమ్మకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆయన కొండాపూర్‌లో కూతురింటికి వచ్చి రెండేళ్లయింది. అవనిగడ్డలో డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక, "ఒక్కడివీ అక్కడేం వండుకు తింటావు నాన్నా" అని ఉదయశ్రీ పట్టుబట్టి తీసుకొచ్చింది. వచ్చాక తెలిసింది, ఒంటరితనానికి ఊరితో పనిలేదని. అల్లుడు మధుకర్ ఎనిమిదింటికి స్కూటరెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే. కూతురు మాదాపూర్‌లో కంప్యూటర్ క్లాసులు చెబుతుంది. ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. బాల్కనీ అవతల ఏనుగులు పడుకున్నట్టు బండలు. రోజూ పదకొండింటికి ఎవరో ఈల వేసి ఎర్రగుడ్డ ఊపుతారు. మందు పేలుతుంది, కిటికీలు గలగలమంటాయి, ఒక ఏనుగు తగ్గుతుంది. రోజు మొత్తం మీద ఆయనతో నాలుగు మాటలు మాట్లాడేది చౌరస్తాలో బోర్డులు రాసే మొగిలి ఒక్కడే.

"ఏంది సారూ, ఇంక గా సముద్రమేనా? జర సినిమా యాక్టర్నన్న గీయరాదు?" అని ఏడిపిస్తాడు మొగిలి.

నిజమే. ఆయన గీసేది సముద్రం ఒక్కటే, అదీ ఒకే చోటు. కృష్ణ సముద్రంలో కలిసే దగ్గర మడచెట్లు, ఉప్పునేల, చెప్పాపెట్టకుండా చోటు మార్చుకునే ఇసుకమేటలు. పడవలు కూడా బెదురుతూ పోయే చోటది. ఏ బొమ్మలోనూ మనిషన్నవాడు కనిపించడు.

ఆ రోజు మధుకర్ ఆఫీసు మేనేజరు నరసింహమూర్తి టిఫినుకి వచ్చాడు. పెసరట్టు తుంచుతూ తలెత్తి గోడవారగా ఉన్న పెద్ద క్యాన్వాసు చూసి అలాగే ఉండిపోయాడు.

"అబ్బ! హెలికాప్టర్లోంచి చూసినట్టుందండీ, మాస్టారూ!"

"తాటిచెట్టు మీంచండి" అని, అనకూడని మాట అన్నట్టు భీమేశ్వరరావు నాలిక కరుచుకున్నాడు.

"మా కొత్త బిల్డింగులో రిసెప్షన్ గోడకి ఇదే కావాలి. కాకపోతే... మరీ ఖాళీగా ఉంది కదండీ. చూస్తుంటే దిగులేస్తోంది. రెండు కొబ్బరిచెట్లు వెయ్యండి. పోనీ ఒక మనిషినైనా పెట్టండి. క్లయింట్లు కాఫీ తాగుతూ చూస్తారు."

"అక్కడ కొబ్బరిచెట్లు లేవండి."

"మీరు వేస్తే ఎవరొద్దంటారండీ!" అని నవ్వి చట్నీ ఇంకాస్త వేయించుకున్నాడు నరసింహమూర్తి. "శుక్రవారం ఓపెనింగ్. మధూ, నీదే బాధ్యత."

ఆయన వెళ్లాక మధుకర్ గొంతు తగ్గించి బతిమాలాడు. "ఒక్క మనిషండీ మామయ్యగారూ. చీమంత మనిషి. ఆయన నోటితో అడిగాడు కదా."

"బొమ్మ ఉన్నదున్నట్టు తీసుకెళ్లండి బాబూ, ఊరికే ఇస్తాను. మనిషిని మాత్రం పెట్టను."

వంటింట్లో ఉదయశ్రీ పెనం ఠంగుమని దించింది. "వదిలెయ్యండి. మా నాన్నకి పట్టింపులన్నీ ఆ నీళ్ల మీదే. మన అవసరాలు ఆయనకెందుకు?"

భీమేశ్వరరావు కుర్చీ మళ్లీ బొమ్మకెదురుగా లాక్కున్నాడు. చెప్పగలిగిన జవాబైతే ఇరవై రెండేళ్ల కిందటే చెప్పేవాడు. డెబ్భై ఏడు ఉప్పెనకి వాళ్లు ఆ తీరపు ఊళ్లోనే ఉన్నారు. నీళ్లు తాటిచెట్టెత్తున వచ్చినప్పుడు నాలుగేళ్ల ఉదయను వీపుకి కట్టుకుని, తనని చెట్టుకి కట్టుకుని, ఒక చేత్తో భార్య పుణ్యవతిని పట్టుకున్నాడు. తెల్లారి ఆ తాటిచెట్టు మీంచి చూస్తే ఊరు లేదు. ఆ చెయ్యీ లేదు. పిల్లకి మాత్రం "అమ్మ జ్వరంతో పోయింది" అని చెప్పి పెంచాడు. అమ్మ చెయ్యి తన చేతిలోంచే జారిందని తెలిస్తే కూతురు మళ్లీ "నాన్నా" అని పిలుస్తుందా? ఆయన బతుకంతా ఆ ఒక్క భయం.

బుధవారం తెల్లరంగు అయిపోయింది. భోంచేసి బస్సెక్కి కోఠీ వెళ్లి, రెండు ట్యూబులు కొనుక్కుని నాలుగున్నరకి ఇల్లు చేరాడు. గుమ్మంలోనే బోర్డులకి వాడే ఎనామిల్ వాసన గుప్పుమంది.

హాల్లో మొగిలి కుంచె తుడుచుకుంటున్నాడు. "అచ్చిండ్రా సారూ! జర సూడుండ్రి, ఎంత మంచిగ కుదిరిందో. అమ్మ పిలిచి గీయమన్నది. కొబ్బరిచెట్లకు జాగ లేదు, మనిషినయితే పెట్టిన."

ఇసుకమేట మీద ఒక ఆడమనిషి. ఎర్రచీర, నెత్తిన బుట్ట. ఇటు వీపు పెట్టి, నేరుగా నీళ్లలోకి నడుస్తోంది.

భీమేశ్వరరావు చేతిలో సంచి జారింది. "ఎవరు? ఎవరు పెట్టమన్నారు ఆమెనక్కడ?"

"నేనే" అంది ఉదయశ్రీ, వంటింటి గుమ్మంలోంచి. సగంరోజు సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉంది. "ఎల్లుండి ఓపెనింగ్. ఆయన ఆఫీసులో తలెత్తుకోవద్దా? వేలెడంత బొమ్మకి ఇంత రాద్ధాంతమా నాన్నా?"

"ఆమెనక్కడ పెడతావా? నీళ్లలోకి పంపుతావా ఆమెని!"

మొగిలికి గాలి మారినట్టు తెలిసిపోయింది. డబ్బాలు గబగబా సంచిలో వేసుకున్నాడు. "నేను పోయొస్త. తప్పయితే ఏం ఫికర్ చెయ్యకుండ్రి సారూ, ఇంక ఆరలే. టర్పెంటైన్ గుడ్డతోని తుడిస్తె పోతది." చెప్పులు సరిగా వేసుకోకుండానే మెట్లు దిగిపోయాడు.

తలుపు మూసి ఉదయశ్రీ ఇటు తిరిగింది. "ఏ ఆమెని, నాన్నా?"

ఆయన వంగి సంచి తీసుకోబోయాడు.

"అమ్మనా?"

గోడకి చెయ్యి ఆనించి కుర్చీలో కూలబడ్డాడు.

"నాకు తెలుసు. జ్వరం కాదని, ఉప్పెనని పెళ్లికి ముందే పెద్దమ్మ చెప్పింది. నీ నోటితో చెబుతావని మూడేళ్లుగా చూస్తున్నాను. నువ్వు చెప్పలేదు. అమ్మని మింగిన సముద్రాన్ని తెచ్చి నా హాల్లో పెట్టుకుని, దానికి రోజూ రంగులు పూస్తున్నావు. అమ్మ ఎలా ఉండేదో ఒక్కనాడు చెప్పావా? ఇంటితోపాటే ఫోటోలూ పోయాయి. బొమ్మలేసే నాన్న ఉండి, మా అమ్మ మొహం ఎలా ఉంటుందో తెలీదు నాన్నా నాకు!"

ఇంత కోపం కూతురికి ఉందని ఆయనకి తెలియదు. ఇంత దుఃఖం ఉందని అసలే తెలియదు.

"ఎలా వెయ్యనమ్మా?" అన్నాడు తన చేతులకేసి చూసుకుంటూ. "ఎప్పుడు మొదలుపెట్టినా, నీళ్లలోంచి నన్ను చూసిన ఆ మొహమే వస్తుంది. తాడు మనిద్దరికే సరిపోయింది. ఆవిడని చేత్తోనే పట్టుకున్నాను. గంటలు గడిచాయి, వేళ్లు కొయ్యబారిపోయాయి. జారిందో, నేనే వదిలేశానో... వదిలేశాను కాబోలు. నా చెయ్యి కదా. మీ అమ్మని నేనే..."

కిటికీ అవతల కంకర లారీ ఒకటి మూలుగుతూ పోయింది. అది మలుపు తిరిగాక ఉదయశ్రీ వచ్చి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"నువ్వు వదల్లేదు. నేను చూశాను."

"నాలుగేళ్ల పిల్లవి."

"చూశాను నాన్నా. నీ భుజం మీంచి చూశాను. అమ్మే నీ వేళ్లు విడదీసింది. ఇంకాసేపుంటే నువ్వు కూడా జారిపోతావని. 'పిల్ల జాగ్రత్త' అని మరీ విడదీసింది."

భీమేశ్వరరావు కూతురి కళ్లలోకి చూశాడు. అవి రెప్ప వేయలేదు.

ఆ రాత్రి గాలి ఇసుకని సూదుల్లా విసిరింది. పిల్ల కళ్లు పోతాయని, తన తువ్వాలు ముక్కు దాకా దిగేలా దాని తలకి చుట్టి ముడేసింది ఆయనే. తెల్లవారాక విప్పిందీ ఆయనే. ఉదయ ఏమీ చూసి ఉండదు. చూడలేదు. ఇరవై రెండేళ్లు తను చెప్పిన అబద్ధానికి బదులుగా, ఇంత పెద్దదైన కూతురు తన కోసం ఒక అబద్ధం వెతికి తెచ్చింది.

నువ్వు చూడలేదమ్మా అని చెప్పబోయి ఆగాడు.

"అవునా?" అన్నాడు.

"అవును నాన్నా."

అప్పుడేడ్చాడాయన. ఉప్పెన రోజునా, తర్వాత ఏ సంవత్సరీకానికీ రాని ఏడుపు, చిన్నపిల్లాడిలా, వెక్కివెక్కి. ఉదయశ్రీ ఆయన కుడిచెయ్యి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే నిమురుతూ కూర్చుంది.

కాస్త తేరుకున్నాక ఆమే లేచి టర్పెంటైన్ గుడ్డ తెచ్చింది. "తుడిచెయ్యి. అడక్కుండా నీ బొమ్మ మీద వేరేవాళ్ల చెయ్యి పెట్టించాను, తప్పు నాదే."

ఆయన గుడ్డ తీసుకుని ముందు బుట్ట తుడిచాడు. "మీ అమ్మ బుట్ట మొయ్యలేదెప్పుడూ. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేది, కాలికి ఇసుక తగలాలని."

"ఇంకా?"

"కోపమొస్తే కూరలో ఉప్పు వేసేది కాదు. ఇదేమిటే పుణ్యవతీ అంటే, 'సముద్రం పక్కనే ఉందిగా, చెంబుడు తెచ్చుకోండి' అనేది."

ఉదయశ్రీ కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే ఎనామిల్‌ని పొరగా తీసి, కోఠీ నుంచి తెచ్చిన తెల్లరంగు పిండి, ఆ మనిషిని నెమ్మదిగా ఇటు తిప్పాడు. ఇప్పుడు పుణ్యవతి వెనక సముద్రం. ఆమె ఊరివైపు నడిచి వస్తోంది.

మధుకర్ వచ్చేసరికి ఇల్లంతా రంగుల వాసన. "మామయ్యగారూ! మనిషిని పెట్టేశారా?"

"పెట్టాను బాబూ. అయితే ఇది ఇవ్వలేను."

మధుకర్ మామగారి ఎర్రబడ్డ కళ్లు చూశాడు, భార్య మొహం చూశాడు. హెల్మెట్ నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. "మరి మూర్తిగారికేం చెప్పను?"

"మొగిలి ఉన్నాడుగా" అంది ఉదయశ్రీ. "ఎన్ని కొబ్బరిచెట్లు కావాలంటే అన్ని వేసిస్తాడు. ఇప్పుడే వెళ్లి చెప్పండి, రేపటికల్లా తోట పెంచేస్తాడు."

మధుకర్ ఇంకేమీ అడక్కుండా మెట్లు దిగాడు. ఉదయశ్రీ బొమ్మ దగ్గరకి వెళ్లి వంగి చూసింది. "మొహం కనబడటం లేదు నాన్నా. చాలా చిన్నది. నాకు పెద్దది వేసివ్వు."

ఆయన పాత డ్రాయింగు అట్ట తీసి, తెల్లకాగితం బిగించి, పెన్సిలు చెక్కుకున్నాడు. పెద్దయ్యేకొద్దీ కూతురు పుణ్యవతిలా తయారవుతుంటే, పెళ్లిపీటల మీద కూడా ఆయన ఆమెని తలెత్తి సరిగా చూడలేదు.

"ఈ కాస్త వెలుతురు పోకముందే ఇలా కిటికీ దగ్గర కూర్చో తల్లీ" అన్నాడు. "ఆ గడ్డం, ఆ కనుబొమలు ఆవిడవే."

ఉదయశ్రీ కూర్చుంది. భీమేశ్వరరావు ఈసారి చూపు పక్కకి తిప్పుకోలేదు.