లెక్కకు రాని ఆలివ్ నూనె

"మీరు అబద్ధం చెప్పారు," అంది నెజ్లా, కాగితాన్ని గైత్ ముందుకు జరుపుతూ.

"దేని గురించి, మేడమ్?"

"నూనె గురించి. మీ రక్తమే చెబుతోంది."

"నాకంటే ముందు అదే మీతో మాట్లాడేసిందన్నమాట."

నెజ్లా నవ్వలేదు. టమాటాలోని ఎరుపు ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలి. అది ఎంత అవసరమో తేల్చడానికే ట్యూనిస్ విశ్వవిద్యాలయంలో ఆమె మూడు నెలలుగా శ్రమిస్తోంది. ఒక జట్టు ఆలివ్ నూనెలో మగ్గిన టమాటాలు తినాలి. రెండో జట్టు నూనె తగలకుండా పచ్చివి తినాలి. వారం వారం కూరగాయల లారీతో నగరానికి వచ్చే కోర్బా రైతు గైత్ రెండో జట్టువాడు. అయినా అతని రక్తంలోని ఎరుపు మొదటి జట్టుతో సమానంగా ఉంది.

కారణం తేలకపోతే ఆమె సిద్ధాంత వ్యాసం నిలవదు. తేలితే అతన్ని పరీక్ష నుంచి తొలగించవలసి రావచ్చు. అప్పుడు, ప్రతి గురువారం రక్తం ఇవ్వడానికి అతను చేయి చాచి, సూదిని వదిలి తన ముఖంలోకే చూసే ఆ పది నిమిషాలూ ఉండవు. ఈ రెండో భయాన్ని ఆమె ఏ కాగితం మీదా రాయలేదు.

"ఉదయం ఏం తింటారు?"

"టమాటాలు, రొట్టె. రాసిచ్చాను కదా. నమ్మకం లేకపోతే ఇంటికొచ్చి చూడండి."

అందువల్లనే శనివారం ఆమె కోర్బా బస్సెక్కింది. ఊరి అంచున ఉప్పునీటి మడుగులో గులాబీరంగు ఫ్లెమింగో పక్షులు, తిన్నదాని రంగునే ఒంటికి పూసుకుని, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేనట్టు నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తూ ఆమె దిగవలసిన చోటు దాటిపోయింది.

గైత్ తల్లి జుబైదా కోసిన టమాటాలూ వేడి రొట్టే బల్ల మీద పెట్టి, పక్కనే పచ్చని నూనె గిన్నె ఉంచింది. గైత్ మాట్లాడుతూనే రొట్టె తుంచి అందులో ముంచాడు.

"అది నూనె," అంది నెజ్లా మెల్లగా.

గైత్ చేయి గాలిలోనే ఆగిపోయింది.

"నూనె ఏంటి బిడ్డా, అది రొట్టె," అంది జుబైదా. "ముంచకుండా తినడానికి వాడికేమైనా జ్వరమా?"

మిగతా జట్టంతా హాస్టల్ విద్యార్థులు. వాళ్ళ ముందుకు ఇలాంటి గిన్నె రాదు. సొంత చెట్ల నూనెను తిండిగా లెక్కించాలని ఈ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అతను అబద్ధమాడలేదు. కానీ పరీక్షలో ఉండటానికి వీల్లేదు. నెజ్లా జాబితా తీసింది. పెన్ను అతని పేరు దగ్గరే నిలిచిపోయింది.

"నన్ను కొట్టేస్తే మీ పని పాడవుతుందా?" అన్నాడు గైత్.

"లేదు. బాగుపడుతుంది."

"మరి పెన్ను కదలదేం?"

"గురువారాలు మీరు ఇక రానక్కర్లేదు," అంది ఆమె తలెత్తకుండా.

గైత్ రొట్టె ముక్క పక్కన పెట్టాడు. "మొదటిరోజు మీరు చదివి వినిపించిన నియమాలు నాకు నోటికొచ్చు. పరీక్షలో ఉన్నవాళ్ళు మీతో కాఫీ కూడా తాగకూడదు. పదకొండు వారాలు ఓర్చుకున్నాను. కొట్టేయండి, నెజ్లా."

అతను మేడమ్ అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆమె అతని పేరు మీద తిన్నగా ఒక గీత గీసి, పక్కన తేదీ, కారణం రాసింది. కారణంలో సగమే రాసింది.

బయట చినుకులు మొదలయ్యాయి.

"వాడింకా ఏదో అడగాలి బిడ్డా, కూర్చో," అంటూ జుబైదా వంటగదిలోకి తప్పుకుంది.

"ముందు కాఫీ," అన్నాడు గైత్. "రెండోది వాన వెలిశాక, మీ ఇంటికొచ్చి మీ నాన్నగారిని అడుగుతాను."

"వాన వెలిసేదాకా ఎందుకు?" అంది నెజ్లా.