ఎత్తుకున్నవాళ్లే దించాలి

బయట ముసురు పట్టి, సాయంత్రం కాకముందే ఇంట్లో చీకటి పడింది. మా ఆవిడ స్నానానికి వెళ్లింది. బుజ్జిది లోపలి గదిలో ఉయ్యాలలో నిద్రపోతోంది. నేను హాల్లో కూర్చుని, ఇంటి కోసం నేనే చేసిన యాప్‌ని ఫోన్లో చూసుకుని మురిసిపోతున్నాను. వంటింట్లో చెంచా ఎక్కడుందో తెలియని మనిషి ఫోన్‌తో బిడ్డను పెంచుతున్నాడని మా ఆవిడ ఎద్దేవా చేస్తుంది. చేయనీ.

బుజ్జిది నెలలు నిండకుండా పుట్టింది. కాస్త బరువు పెరిగిందంటే ఆ రోజు మాకు పండగే. ఒకసారి నేనూ అమ్మా, ఒకరికి తెలియకుండా ఒకరం వెంటవెంటనే పాలు పట్టేస్తే, కక్కేసి ఊపిరాడక నీలంగా అయిపోయింది. ఆ భయంతోనే ఈ యాప్ చేశాను. బిడ్డను తీసుకున్నవాళ్లు 'ఎత్తుకున్నాను' అని నొక్కాలి, పాలు పడితే అదీ రాయాలి. అది క్లౌడ్‌లోని డేటాబేస్‌కి చేరి, మిగతావాళ్ల ఫోన్లలో వెంటనే కనిపిస్తుంది. ఎత్తుకున్నవాళ్లే 'దించాను' అని నొక్కేదాకా ఇంకెవరూ ఏమీ రాయలేరు, చదవగలరంతే. ఆ నియమం పెట్టింది నేనే.

అమ్మ పోయి రెండు నెలలైంది. యాప్‌లోంచి ఆమెను తీసేయడానికి నాకు చేతులు రాలేదు.

ఫోన్ టింగుమంది.

'అమ్మ: ఎత్తుకున్నాను.'

గుండె ఝల్లుమంది. అంతలోనే నన్ను నేనే తిట్టుకున్నాను. నెట్ లేనప్పుడు రాసింది ఆ ఫోన్లోనే ఆగిపోయి, నెట్ వచ్చాక క్లౌడ్‌కి చేరడం మామూలే. అమ్మ ఎప్పుడో నొక్కింది ఇప్పుడు వచ్చి ఉంటుంది. కాకపోతే దానికి ఆ ఫోన్ ఆన్‌లో ఉండాలి.

బీరువా తెరిచాను. చీరల మధ్య అమ్మ ఫోన్ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎంత నొక్కినా వెలగలేదు. చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది.

లోపలి గదిలో ఉయ్యాల గొలుసు కిర్రుమంది...

పరుగెత్తాను. గుమ్మం దగ్గరే మోకాళ్ల నొప్పుల మందు వాసన. అమ్మ రాసుకునేదే. ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. బుజ్జిది అందులోనే ఉంది. ఊపిరి తీస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. 'దించాను' నొక్కాను.

'అనుమతి లేదు.'

మళ్లీ నొక్కాను. అనుమతి లేదు.

"దించెయ్యమ్మా..." అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

మా ఆవిడ తడిజుట్టుతో వచ్చింది. "ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?"

ఫోన్ చూపించాను. చదివింది. ముఖం పాలిపోయింది. నన్ను తోసుకుంటూ వెళ్లి, బుజ్జిదాని కింద రెండు చేతులూ పెట్టి ఎత్తింది. ఎత్తి అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ... పొద్దున తూచాం కదా."

"ఊఁ."

"మరి... బరువే తెలియడం లేదేంటి?"

ఆమె చేతులు రెండూ బిడ్డ కిందే ఉన్నాయి. బుజ్జిదాని పొట్ట మీద చొక్కా మాత్రం, ఎవరో అరచేత్తో నిమురుతున్నట్టు, పైకీ కిందకీ నలుగుతోంది.