దించిన గుమ్మడికాయ

జగదల్‌పూర్‌లో డిటెక్టివ్ చక్రధరరావు ఆఫీసు మెట్లెక్కేనాటికి భోపాలపట్నం కిరాణా వ్యాపారి శ్రీరంగం చేతిలో ఉన్న సరుకు ఇంతే: ఒక ఇంటి బీమా పాలసీ, కప్పు లేని వసారా, ఒక దొంగ పేరు.

“మాసా, సార్. మా ఊళ్ళె ఇండ్లు కప్పేటోడు. రేకులు బిగించినోడే విప్పిండు. గాలివాన నాడు నేను సరుకుకు గీదం ఊరికి పోయిన. వచ్చి చూస్తే వసారా మీద ఆకాశమే. గాలికి ఎగిరిపోయినయని బీమాకు రాసిన. సర్వేయర్ వచ్చి, బోల్టులు పానాతో విప్పినయి, దొంగతనమైతే దొంగను చూపించమన్నడు. చూస్తే ఆ రేకులు మాసా కొట్టం మీదున్నయి! ఇంకేంది రుజువు?”

“మాసా ఏమన్నాడు?”

“ఏమంటడు? సంతల అందరి ముందర దొంగ అన్న, చోర్ అన్న. తల దించుకున్నడు. ఇప్పుడు ఎవ్వడూ పనికి పిలుస్తలేడు. మీరొక్క రిపోర్టు రాసిస్తే ఠాణాల ఇస్త.”

చక్రధరరావు సహాయకురాలు ప్రవీణతో భోపాలపట్నం వెళ్ళాడు. శ్రీరంగం ఇంటి వసారా దూలానికి గుమ్మం ఎదురుగా ఒక ఖాళీ కొక్కెం ఉంది. లోపల దేవుడి గూటి పక్కన పళ్ళెంలో దిష్టి గుమ్మడికాయ, దాని మీద చుట్టిపెట్టిన తాడు.

“గాలికి పడిందా?” అంది ప్రవీణ.

“పడితే పగలదా అమ్మా,” అంది శ్రీరంగం భార్య మహాలక్ష్మి. వెంటనే నాలుక కరుచుకుంది.

“కప్పు ముందు కారేదా?” అడిగాడు చక్రధరరావు.

“ఏండ్ల నుంచి! పాతబడి కారితే బీమా రాదు సార్, గాలికి పోతేనే వస్తది. ఒక్క గాలన్న గట్టిగ రాకపాయెనని రోజూ అంటనే ఉన్న,” శ్రీరంగం నవ్వాడు. మహాలక్ష్మి లోపలికి వెళ్ళిపోయింది.

చక్రధరరావు మాసాను పిలిపించి, అందరినీ ఆ కప్పులేని వసారాలోనే కూర్చోబెట్టాడు.

“రేకులు విప్పింది మాసాయే. కానీ దొంగ కాదు. గాలి గుమ్మడికాయను పగలగొడుతుంది. దొంగ దాని జోలికే పోడు. ముడి విప్పి, దించి, దేవుడి దగ్గర పెట్టి, ఆ తర్వాత కప్పు విప్పించేది ఈ ఇంటి ఇల్లాలు ఒక్కతే.”

ప్రవీణ ఆయన వైపు కన్నార్పకుండా చూసింది.

“అమ్మ కొత్త రేకులేయిస్తనన్నది,” అన్నాడు మాసా. “పాతవి తీస్కపో, ఎవ్వరికీ చెప్పకు అని ఒట్టేయించుకున్నది.”

మహాలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “గాలికి పోయినట్టుంటే బీమా వస్తదని, మీరు రోజూ అన్నదే చేసిన. మాసాను దొంగ అన్ననాడే చెబుదామనుకున్న. సంతల మిమ్మల్ని చూసి నవ్వుతరని నోరు రాలే.”

శ్రీరంగం ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. తన నోటి మాటే ఇల్లు చుట్టి వచ్చి తన మెడకు పడింది.

“మాఫ్ చెయ్యి మాసా.”

“ఈడ కాదు షావుకారీ. యాడ అన్నవో ఆడ అను.”

తర్వాతి సంతలో శ్రీరంగం మిర్చి కుప్పల మధ్య నిలబడ్డాడు. ముందు తెలుగులో, తర్వాత హిందీలో చెప్పాడు, దొంగ మాసా కాదని, తప్పు తన ఇంటిదని. కొందరు నవ్వారు. ఒకామె మాసాను ఇల్లు కప్పడానికి అక్కడే పిలిచింది.

బీమా దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. మాసా పాత రేకులు తెచ్చి బిగించి, గడప తొక్కకుండా వెళ్ళిపోయాడు. చివరికి మిగిలింది అదే వసారా, అదే కారే కప్పు, కింద ఒక బకెట్టు. కానీ మొదటి వాన పడిన రోజు, కారే చోటు చూడటానికి మాసా పిలవకుండానే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. శ్రీరంగం తల ఎత్తకుండానే నిచ్చెన పట్టుకున్నాడు. ఈ బేరంలో లాభం అంటూ ఉంటే అదొక్కటే.