కేబుల్ పీకిందెవరు?

అమ్మలు మెషిన్ ప్యానెల్‌కి కుడి చెంప మీద ఒక్కటిచ్చింది. ఆరిపోయిన స్క్రీన్ ఉలిక్కిపడి లేచి, ఆకుపచ్చ అక్షరాలను సగం సగం చూపించింది.

వెనకనుంచి ఎవరో నవ్వారు.

"పాపం, దాన్నెందుకండీ కొడతారు?"

తిరిగి చూసింది. ఎవరో కుర్రాడు. భుజాన బ్యాగు, చంకలో అట్టపెట్టె, మొహం నిండా నవ్వు.

"కొట్టట్లేదు, నిద్ర లేపుతున్నా. ఇంతకీ మీరెవరు?"

"దానికి పూర్తిగా రెస్ట్ ఇప్పించడానికి వచ్చినవాణ్ణి."

అట్టపెట్టెలు తయారుచేసే ఆ చిన్న ఫ్యాక్టరీ అమ్మలు నాన్నది. అట్టను కోసి మడతపెట్టే మెషిన్ నడిపేది అమ్మలు. మెషిన్ ఇంకా రాయిలా ఉంది గానీ, దాన్ని నడిపించే ప్యానెల్‌కే వయసు మీద పడింది. బటన్ల మీద గుర్తులు అరిగిపోయాయి. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది, స్పేర్లు దొరకవు. పాతది తీసేసి టచ్ స్క్రీన్ పెట్టమని నాన్న ఇతన్ని పిలిపించాడు. సాయంత్రానికల్లా ఫ్యాక్టరీలో అందరూ అతనికి 'ప్యానెల్ అబ్బాయి' అని పేరు పెట్టేశారు.

"పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్త స్క్రీన్ మీద మళ్లీ గీయాలి. స్టార్ట్ బటన్ ఎక్కడ కావాలి?" లాప్‌టాప్ తెరిచి అడిగాడు.

"ఇక్కడ. కాదు, కొంచెం ఎడమకి."

జరిపాడు.

"ఇంకొంచెం."

జరిపాడు.

"అబ్బే, మొదటున్న చోటే బావుంది."

అతను తలెత్తి చూశాడు. "మీరు నన్ను ఆడిస్తున్నారు కదూ?"

"ఛఛ, మిమ్మల్ని కాదు. బటన్‌ని."

మెషిన్ ఆగితే ఎందుకు ఆగిందో తెలుగులోనే చెప్పాలని కూడా పట్టుబట్టింది. అతను 'అట్ట ఇరుక్కుంది' అని టైప్ చేస్తే పెదవి విరిచింది.

"కాస్త మర్యాదగా. చివర 'అండి' పెట్టండి."

"మెషిన్ మిమ్మల్ని 'అండి' అనాలా?"

"మీరు అంటున్నారుగా! అదంటే ఏం పోయింది?"

పని ముగిసి అతను వెళ్లిపోయాడు. కొత్త స్క్రీన్ ముచ్చటగా పనిచేస్తోంది. అమ్మలుకి మాత్రం ఏమీ తోచలేదు. ఊరికే అందరి మీదా విసుక్కుంది.

తర్వాతి వారం లంచ్ అయి వచ్చేసరికి స్క్రీన్ మీద 'కనెక్షన్ లేదండి' అని కనిపించింది. మెషిన్ కదలనంది. నాన్న ఫోన్ చేస్తే ప్యానెల్ అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. చూస్తే వెనక కేబుల్ ఊడి ఉంది. చిటికెలో పెట్టేశాడు. ఆ తర్వాత ఇచ్చిన టీ తాగడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

కొన్నాళ్లకి మళ్లీ ఊడింది. ఆపైన మళ్లీ.

ఈసారి నాన్న ఉరిమాడు. "ఏమయ్యా, ఇదేనా నీ పనితనం? ఇక మీ బాస్‌తోనే మాట్లాడతా."

అతని మొహం పాలిపోయింది. నాన్న అటు వెళ్లగానే అమ్మలు అందుకుంది.

"ఎందుకండీ ఈ వేషాలు? రావాలనుంటే ఊరికే రావచ్చుగా! కేబుల్ స్క్రూలు వదులుగా పెట్టి పోవడం దేనికి?"

"నేనా? కేబుల్ పీకుతున్నది మీరు కాదూ?"

"నేనెందుకు పీకుతాను?"

"నన్ను రప్పించడానికి."

"అబ్బో, ఎంత నమ్మకం!"

"స్క్రూలు నా చేత్తో బిగించానండీ. వాటంతట అవి ఊడవు. మీరేననుకుని, మా బాస్ తిడుతున్నా నోరెత్తలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటే... మీరు కావాలని వదులుగా పెట్టలేదా?" ఆమె గొంతులో చిన్న దిగులు.

"లేదు. మీరు కావాలని పీకలేదా?" అతని గొంతులో అంతకంటే పెద్ద దిగులు.

"లేదు."

ఇద్దరి మొహాలూ వేలాడిపోయాయి.

"మరైతే ఎవరు?"

దొంగను పట్టుకోవాలనుకున్నారు. కేబుల్ ఊడేది ఎప్పుడూ లంచ్ టైంలోనే. అందుకని రోజూ ఆ వేళకి అతను వెనక గేటులోంచి వచ్చేవాడు. అట్టల దొంతర వెనక ఇద్దరూ నక్కి కూర్చునేవారు. ఆమె క్యారియర్లో సగం అతనిదైపోయింది. దొంగ ఇవాళ కూడా రాకపోతే బావుణ్ణని అమ్మలు లోలోపల మొక్కుకునేది.

ఒకరోజు వాన దంచేస్తోంది. రేకుల కప్పు మీద ఆ మోతకి ఏమన్నా వినిపించాలంటే చెవి దగ్గరికి రావాల్సిందే. అతను దగ్గరికి జరిగాడు. ఏం చెప్పాలో మరిచిపోయాడు. ఆమె కూడా ఏం చెప్పబోయారని అడగలేదు.

అంతలో అడుగుల చప్పుడు.

ఒక మనిషి అటూ ఇటూ చూసి, ప్యానెల్ వెనక తలుపు తాళం తీశాడు. కూనిరాగం తీస్తూ స్క్రూలు విప్పాడు. కేబుల్ పీకాడు.

"నాన్నా!"

స్క్రూడ్రైవర్ ఠంగున కింద పడింది. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏం లేదమ్మా, చెక్ చేస్తున్నా."

"కేబుల్ చేతిలో పట్టుకునా?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు కాబోలు, ఎదురు తిరిగాడు. "ఏం చెయ్యమంటావు మరి? ఈ అబ్బాయి వచ్చిన రోజు ఇల్లంతా నీ పాటలే. రాని రోజు నీతో మాట్లాడాలంటే భయం. ఇతను చూస్తే ఖాళీ టీ గ్లాసు తాగుతూ కూర్చుంటాడు. మీ అంతట మీరు నోరు విప్పేసరికి నేను ముసలాణ్ణయిపోతాను!"

"మరి మా బాస్‌తో మాట్లాడతానన్నారు?" అన్నాడు ప్యానెల్ అబ్బాయి బిక్కమొహం వేసి.

"మాట్లాడాను. పని బంగారంలా ఉంది, తప్పంతా మాదేనన్నాను. పనిలో పనిగా మీ ఇంటి సంగతులూ కనుక్కున్నాను." గొడుగు తీసుకున్నాడు. "టీకి వెళ్తున్నా. వచ్చేసరికి మెషిన్ నడవాలి. మిగతాది మీ ఇష్టం."

అమ్మలుకి నేల చీలితే బావుణ్ణనిపించింది. అతను మోకాళ్ల మీద కూర్చుని కేబుల్ పెట్టసాగాడు.

"ఈసారి మీ నాన్నగారి వల్ల కూడా కాకుండా బిగిస్తున్నా. ఇంక ఊడదు."

"ఊడకపోతే మీరెందుకొస్తారు?"

అతని చెయ్యి ఆగింది. "మీరు పిలిస్తే వస్తాను."

"నేను పిలవను."

అతని మొహం వాడిపోయింది. అది కాసేపు చూసి సంతోషించాకే ఆమె మిగతాది చెప్పింది.

"పిలిస్తేనే వచ్చేవాళ్లు నాకక్కర్లేదు. రేపు ఫ్యాక్టరీకి సెలవు. ఏదీ పాడవదు, ఎవరూ ఫోన్ చెయ్యరు. అప్పుడొస్తే నాకోసం వచ్చినట్టు."

మర్నాడు పొద్దున్నే ఇంటి బెల్ మోగింది. నాన్న తలుపు తీశాడు. గుమ్మంలో ప్యానెల్ అబ్బాయి. బ్యాగు లేదు, లాప్‌టాప్ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"ఏమయ్యా, నిన్నెవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదండీ."

నాన్న లోపలికి తిరిగి, వీధి చివరిదాకా వినిపించేలా అరిచాడు.

"అమ్మలూ! నీకోసమేనట!"