ర్యాంకు కాపాడిన బకెట్

"కూర్చో, ఇమ్మాన్యుయేల్."

చీఫ్ విశ్వేశ్వరరావు గొంతులో ఈ మధ్య ఆజ్ఞ కంటే నీరసమే ఎక్కువ. ఏజెంట్ ఇమ్మాన్యుయేల్ కూర్చున్నాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. రిటైర్మెంట్ అడిగినప్పుడల్లా ఇంకో మిషన్ అంటగట్టడం ఈ ఆఫీసుకు అలవాటైపోయింది.

"ఏ దేశంలో బతుకు బాగుందో చూసి ర్యాంకులిచ్చే ఇంటర్నేషనల్ టీం ఇవాళ హైటెక్ సిటీకి వస్తోంది. ఈరోజే జనం తాగే నీళ్లలో విషం కలపాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. మన ర్యాంకు పడిపోతే, ఇక్కడికి రావాల్సిన కంపెనీలు వాళ్ల దేశానికి పోతాయి."

"పోయేది మనుషుల ప్రాణాలు కదా సార్."

"అదీనూ," అన్నాడు చీఫ్ విసుగ్గా.

హైటెక్ సిటీ క్యాంటీన్‌లో కెజియా ఎదురుచూస్తోంది. సిల్కు చీర, నల్లకళ్లద్దాలు, తలలు తిప్పించే అందం. ముఠా జీతం తీసుకుంటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

"కాఫీ చల్లారింది," అన్నాడతను. కోడ్‌వర్డ్.

"మళ్లీ కాస్తే రుచుండదండి," అందామె. తర్వాత గొంతు తగ్గించింది. "కొండాపూర్ బస్తీ. వాటర్ ట్యాంకర్. ఇంకాసేపట్లో. నాకూ ఓపిక లేదండి, ఇదే ఆఖరు."

"నేనూ ప్రతిసారీ అదే అనుకుంటా."

స్క్వాడ్‌కు ఫోన్ చేశాడు. వాళ్లు చందానగర్ మార్కెట్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. ఖర్మ! తనే బస్తీవాడిలా లుంగీ చుట్టుకుని, బకెట్ పట్టుకుని బస్తీ చేరేసరికి ట్యాంకర్ నిలబడే ఉంది. ముందు బిందెల వరుస. వాల్వు కింద బొట్టుబొట్టుగా కారుతున్న నీటికి, విషాన్ని పసిగట్టే పెన్ను ఆనించాడు. పెన్ను ఎర్రబడింది.

"అమ్మా, ఆ నీళ్లు పట్టకండి! విషం!"

పైపు బిందెలో పెట్టిన కిష్టమ్మ తలైనా తిప్పలేదు. "రోజొకడు గిట్లనే ఏదో ఒకటి చెప్పి ముంగటికొస్తడు. పోయి ఎన్క నిలబడు."

ముఠాకు అమ్ముడుపోయిన డ్రైవర్ చెయ్యి వాల్వు మీదికి వెళ్లింది. పిస్టల్ తీస్తే వాడు వాల్వు తిప్పేసి పారిపోతాడు, బిందెలు నిండుతాయి. ఇమ్మాన్యుయేల్ నిట్టూర్చి, ఆ బస్తీలో ఎవరూ చేయకూడని పని చేశాడు. కిష్టమ్మ బిందెను పక్కకు నెట్టి, తన బకెట్ పెట్టాడు.

అంతే. వరుసంతా కదిలింది.

"ఏందిరా నీ బల్మి? లైన్ తప్పుతవా?" కిష్టమ్మ పైపు గుంజి మెలితిప్పి పట్టుకుంది. "ఏయ్ డ్రైవర్, పంచాయితీ తెగేదాక వాల్వు ముట్టకు."

"జర జల్ది కానియ్యమ్మా," అన్నాడు డ్రైవర్, చెమట తుడుచుకుంటూ. చివరికి భయమేసి బండెక్కి స్టీరింగ్ పట్టాడు.

"నీళ్లు పొయ్యకుండ ఏడికి పోతవ్?" ఆడవాళ్లంతా బండికి అడ్డం కూర్చున్నారు.

స్క్వాడ్ వచ్చేటప్పటికి ఇమ్మాన్యుయేల్ చొక్కా చిరిగింది, నుదురు బొప్పి కట్టింది. నీళ్లు మాత్రం చుక్క కూడా బిందెలోకి దిగలేదు. డ్రైవర్‌కు బేడీలు పడ్డాయి. ట్యాంకర్‌ను సాక్ష్యం కోసం తోలుకుపోయారు.

ఇమ్మాన్యుయేల్ పెన్ను చూపించి అంతా చెప్పాడు. కిష్టమ్మ ఖాళీ బిందె ఎత్తి చూపించింది.

"సల్లగుండు బిడ్డా. మరి తాగనీకి నీళ్లేవి?"

సెల్ మోగింది. చీఫ్. "శభాష్. ర్యాంకు భద్రం. ఏం కావాలో కోరుకో."

"బస్తీకి ఒక మంచినీళ్ల ట్యాంకర్ పంపించండి సార్."

"అది మన డిపార్ట్‌మెంట్ కాదయ్యా."