సున్నంబట్టి ఎత్తు మీద టర్బో కూత

కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో, గరిడేపల్లి దాటాక, పాడుబడ్డ సున్నంబట్టి పక్కన ఒక ఎత్తు ఉంది. గట్టిగా తొక్కితే సైకిల్ మీద కూడా ఎక్కేయొచ్చు. కానీ ఆ చోటుకు మంచి పేరు లేదు. ఎప్పుడో బట్టీ కూలినప్పుడు లోపల పనిచేస్తున్న ఒకామె అక్కడే ఉండిపోయిందట. చీకటి పడ్డాక ఎవరైనా ఈల వేసుకుంటూ పోతే... తననే పిలిచారనుకుని వెంట వస్తుందని చెప్తారు.

అందుకే అక్కడి గొర్లకాపరులు పొద్దుగూకాక ఈల వేయరు. గొర్రె తప్పిపోయినా సరే, గొంతు చించుకుని అరుస్తారు గానీ ఈల మాత్రం వేయరు.

ఇది ఉపేందర్‌కు జరిగింది, రెండు వేల పద్నాలుగులో. విన్నది విన్నట్టు చెప్తున్నా.

ఉపేందర్ తండ్రి లింగస్వామి, ఆ ఎత్తుకు మిర్యాలగూడ వైపు ఊళ్లో గొర్రెల మీద బతికిన మనిషి. కొడుకు పోరు పడలేక సగం మందను అమ్మి, సూర్యాపేటలో ఎవరో ఏడేళ్లు వాడిన కారు కొనిచ్చాడు. అమెరికా కంపెనీది, వెనక తలుపు పైకి లేచే చిన్న బండి, టర్బో ఉన్న డీజిల్ ఇంజన్.

"ఇంజన్‌కు ఊపిరి ఎక్కువ పోస్తది నాయినా. తొక్కితే గాలి గట్టిగ గుంజుతది" అని కొడుకు చెప్తే, తండ్రి అంతా విని ఒక్కటే అడిగాడు.

"గుంజుతె గుంజనియ్యి. గా ఈల ఎందుకురా?"

ఆ ఈల ఉపేందర్ ముచ్చటపడి పెట్టించుకున్నది. కోదాడలో మెకానిక్ తులసీరాం చేత గాలి పీల్చే గొట్టం తీయించి, ముందువైపు నోరు తెరిచి ఉండే లావు గొట్టం వేయించాడు. అప్పటి నుంచి ఎత్తు ఎక్కేటప్పుడు కారు స్వీ...మని కూసేది. అది వింటే వాడికి కడుపు నిండిపోయేది.

అప్పటి నుంచే పీడ కూడా మొదలైంది.

ఒక రాత్రి సున్నంబట్టి ఎత్తు సగం ఎక్కాక కూత సన్నబడి... కారు ఆగిపోయింది. పది నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు కదిలింది. తులసీరాం డీజిల్ ఫిల్టర్ మార్చాడు. మళ్లీ అక్కడే ఆగింది. రబ్బరు పైపులు మార్చాడు. అక్కడే. టర్బో మొత్తం విప్పి, కడిగి, బిగించాడు. అక్కడే! పగలు పదిసార్లు ఎక్కించినా తప్పు పట్టలేం. రాత్రయితేనే మొండికేసేది. మొత్తం నాలుగు సార్లు. ఉపేందర్‌కు ఆ బండిని బట్టీలోకే తోసేయాలన్నంత కోపం వచ్చేది.

తోసేయడానికి లేదు. కోదాడ కాలేజీలో పనిచేసే నలుగురు లెక్చరర్లు రోజూ మిర్యాలగూడ నుంచి తీసుకుపోయి రాత్రికి దింపాలని కారు మాట్లాడుకున్నారు. సోమవారం నుంచి రమ్మన్నారు. వాళ్లలో పెద్దావిడ వసంత మేడం ముందే చెప్పింది, దారిలో ఒక్కసారి ఆగినా ఇంకో బండి చూసుకుంటామని. ఆ పని పోతే అమ్మిన మంద ఊరికే పోయినట్టే.

ఆదివారం పొద్దున ఆఖరిసారి తులసీరాం దగ్గరికి బయలుదేరుతుంటే, మంచం మీద తండ్రి గొంగడి కనబడింది. ఒక మూల లేదు.

"ఎలకలు కొట్టినయా?"

"ఆఁ... ఎలకలే" అని లింగస్వామి మొహం తిప్పుకున్నాడు. "రాత్రి గా సున్నంబట్టి తొవ్వల రాకు బిడ్డా. గా ఈల బంద్ చేయించు."

"నువ్వు గొర్లను కాసుకో నాయినా! కారు సంగతి నాకిడిసిపెట్టు!"

అరిచాక గుర్తొచ్చింది, కాసుకోవడానికి సగమే మిగిలాయని. కానీ అప్పటికే కారెక్కేశాడు.

కోదాడలో తులసీరాం సాయంత్రం దాకా వేరే బండ్లతోనే గడిపి, ఈ బండి బానెట్ కూడా ఎత్తలేదు.

"మూడుసార్లు విప్పాను తమ్ముడూ. ఏ సామానూ చెడలేదు. ఇక నావల్ల కాదు."

తిరుగు ప్రయాణంలో ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. పొద్దున పోయేటప్పుడు అది దిగుడే కాబట్టి బండికి కష్టం తెలియలేదు. ఇప్పుడు ఎక్కాలి. ఉపేందర్ అద్దాలన్నీ ఎత్తి, కాలు గట్టిగా తొక్కాడు.

కూత రాలేదు.

దాని బదులు... ఎవరో నోరు నొక్కేసినట్టు ఒక మూలుగు. ఒకసారి. మళ్లీ ఒకసారి. బండి వణికి ఆగిపోయింది.

ఉపేందర్ దిగి టైరును కాలితో తన్నాడు. తర్వాత బట్టీ వైపు తిరిగి, ఏడుపు గొంతుతో అడిగాడు.

"ఎవలే నువ్వు? నాతోటి నీకేం పని?"

సెల్‌ఫోన్ లైటు కారు ముందుకు తిప్పాడు... బంపర్ పైన జాలీ సందులోంచి నల్లటి వెంట్రుకలు బయటికి వేలాడుతున్నాయి. మెల్లగా కదులుతున్నాయి.

పరుగెత్తేవాడే. కానీ పొద్దున్నే నలుగురు మనుషులు తన కోసం నిలబడి ఉంటారు. బానెట్ ఎత్తాడు. లావు గొట్టం నోట్లో గుప్పెడు వెంట్రుకలు... లోపలికి గుంజుకుపోయి ఉన్నాయి. కళ్లు మూసుకుని పట్టి లాగాడు.

గరుగ్గా తగిలింది. గొర్రె వాసన.

నాయిన గొంగడి!

రోడ్డు మీదే కూలబడి పడిపడి నవ్వాడు. గొంగడి ఉన్నచోటికి దెయ్యం రాదని గొర్లకాపరుల నమ్మకం. ఈల వచ్చే బొక్క ఏదో వెతికి, ముసలాయన అందులో గొంగడి ముక్క కుక్కాడు. మామూలుగా పోతే ఏమీ కాదు. ఎత్తులో టర్బో గట్టిగా పీల్చేసరికి అది అడ్డుపడి ఊపిరి ఆగింది. నెల రోజులు ఏడిపించిన దెయ్యం ఇంట్లోనే ఉందన్నమాట! నవ్వు కాస్తా కోపమైంది. ముక్కను బట్టీలోకి విసిరేసి, కారు స్టార్ట్ చేశాడు. కూత పెట్టుకుంటూ ఎత్తు ఎక్కేసింది.

ఇంటికొచ్చేసరికి లింగస్వామి అరుగు మీద మేలుకునే ఉన్నాడు.

"ఆగిందా బిడ్డా?"

"ఆగింది! నీ గొంగడి అడ్డంపడే ఆగింది! నెల దినాలసంది నేను పరేషాన్ అయితుంటే... నువ్వు గొట్టంల గొంగడి కుక్కుతవా?"

లింగస్వామి వాడి మొహంలోకి చూశాడు.

"నెల దినాలెక్కడియిరా? నేను పెట్టింది నిన్న రాత్రే. నాలుగు మాట్ల ఆగిందని నువ్వు ఏడుస్తుంటే సూడలేక పెట్టిన." గొంతు తగ్గించి అడిగాడు. "తీసి ఏడ పెట్టినవ్?"

ఉపేందర్ వెనక్కి తిరిగి కారు వైపు చూశాడు.

మర్నాడు కోదాడలో లెక్చరర్లను దింపీ దింపగానే తులసీరాం దగ్గరికి పోయి, లావు గొట్టం పీకించి పాతది పెట్టించాడు. ఇక కారు కూయదు. స్టీరింగ్ పక్కన నల్లటి ఉన్ని ముక్క చూసి తులసీరాం ఇదేంటన్నాడు. "టర్బో సామానే అన్నా" అన్నాడు ఉపేందర్. ఆ ముక్క తెల్లవారుజామున నాయిన గొంగడిలోంచి వాడే కత్తెరతో కోసుకున్నాడు.

రాత్రి నలుగురినీ ఎక్కించుకుని బయలుదేరాడు. సున్నంబట్టి ఎత్తు. కారు ఆగలేదు... సగం దాటింది... పైకి వచ్చేసింది. ఉపేందర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు వెనక సీటులోంచి వసంత మేడం అంది.

"రాత్రిపూట ఈల వేయకు తమ్ముడూ. మంచిది కాదు."

ఎత్తు మొదలైన దగ్గర్నుంచి ఉపేందర్ పెదవులు బిగించుకునే ఉన్నాడు.